నైరోబీలో చిన్న కంపెనీ ప్రాజెక్టా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో ఎంబీఏ చేస్తున్న మనవాళ్లలో కొందరికి విదేశాల్లోని చిన్న కంపెనీలకు సలహాలిచ్చే ప్రాజెక్టు పడుతుంది. వీటిలో ఎంఐటీ బిజినెస్ స్కూలు స్లోన్‌లో 2000లో మొదలైన జీ-ల్యాబ్‌కి మంచి పేరుంది. సెమిస్టరంతా దూరం నుంచి పని, జనవరిలో సుమారు మూడు వారాలు కంపెనీలోనే. అలా నైరోబీ వెళ్లేవాళ్ల కోసం ఇది.

ముందు కాగితాలు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉంటే, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఏడాదిలోపుదేనా, తిరిగొచ్చే రోజుకి వీసా గడువు ఉందా చూసుకోండి. నైరోబీలో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా) చేయించుకుందాంలే అని అసలు అనుకోవద్దు. కెన్యాకి 2024 జనవరి నుంచి ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) కావాలి, ముందే తీసుకోండి. చాలామంది మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. ప్రాజెక్టు అయ్యాక అటునుంచి అటే హైదరాబాద్ వెళ్లి అమ్మానాన్నల్ని చూసొద్దామనుకుంటే ఆ టీకా పత్రం చేతిలో ఉండాల్సిందే. లేకపోతే దిగిన చోటే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వేయించుకున్న పది రోజులకి గానీ పత్రం చెల్లదు. నైరోబీలో మలేరియా తక్కువే, కిసుము, మొంబాసా వైపు వెళ్లే పనుంటే మాత్రం డాక్టర్ని అడిగి మందులు తీసుకోండి. ప్లాస్టిక్ సంచులు 2017 నుంచి అక్కడ నిషేధం, పెట్టెలోంచి తీసేయండి.

ఇవన్నీ మనకొచ్చే ఇబ్బందులు. నాకు ఎక్కువ బెంగ మన వల్ల ఆ కంపెనీకి జరగగల నష్టం గురించే. పది, పదిహేను మంది ఉన్న చోట అమ్మకాలు, వసూళ్లు, జీతాలు అన్నీ యజమాని నెత్తినే ఉంటాయి. ఆయన మీతో గంట కూర్చుంటే ఆ గంట వసూళ్లు ఆగినట్టే. కాబట్టి "మార్కెటింగ్ స్ట్రాటజీ కావాలి" అన్న ఒక్క మాట పట్టుకుని విమానం ఎక్కొద్దు. నవంబరులోనే అడగండి: "మేం వెళ్లిపోయాక ఫిబ్రవరిలో మీరు తేల్చుకోవాల్సింది ఏమిటి?" జవాబు ఒక్క పేజీలో రాసి ఆయన చేత ఒప్పించుకోండి.

లెక్కల దగ్గర నిదానం. సరుకు పంపిణీ చేసే కంపెనీ అనుకోండి. ఎక్సెల్‌లో డిసెంబరు అమ్మకం ఒకటుంటుంది, ఎం-పెసా (అక్కడ ఫోన్‌లో డబ్బు పంపుకునే సేవ) స్టేట్‌మెంట్‌లో వచ్చిన డబ్బు అంతకంటే తక్కువ ఉంటుంది. వెంటనే దొంగలెక్క అనేయకండి. కౌంటర్ మీది అరువు పుస్తకం తెరిస్తే సగం కట్టినవి, గీత గీసి కొట్టేసినవి, పక్కన పెన్సిల్‌తో రాసుకున్న తేదీలు కనిపిస్తాయి. కొంత డబ్బు యజమాని సొంత నంబరుకే వచ్చి ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసేదాకా ఒక్క చార్టూ గీయొద్దు. ఆ పుస్తకంలో జనం పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. కెన్యాలో 2019 నుంచి డేటా రక్షణ చట్టం ఉంది. ఫొటోలు తీసి క్లాసు గ్రూపులో పెట్టొద్దు.

జనవరిలో అక్కడ బడులు తెరుస్తారు, ఇళ్లలో డబ్బంతా ఫీజులకే పోతుంది. ఆ నెల సర్వే చూసి ఏడాది గిరాకీ అంచనా వేయకండి. స్వాహిలీలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్కిస్తారు, "సా తతు" (మూడో గంట) అంటే మన తొమ్మిది. టైము వాట్సాప్‌లో అంకెల్లో రాసి ఖరారు చేసుకోండి.

మనుషుల్ని తగ్గించమని రాసే ముందు ఆగండి. గోడౌన్ కుర్రాడు యజమాని బంధువు కావచ్చు, ఆ జీతం మీద ఓ ఇల్లు నడుస్తుండొచ్చు. మన ఊరి కొట్లో గల్లాపెట్టె దగ్గర బావమరిదే ఎందుకు కూర్చుంటాడో ఎరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

చివరి రెండు రోజులు స్లయిడ్ల మీద పెట్టకండి. మీరు చేసిన షీటుని రేపటి నుంచి వాడబోయే ఉద్యోగినిని కూర్చోబెట్టి, ఆ వారం లెక్కలు ఆమె చేతే ఎక్కించండి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ షీటుని తేలిక చేయండి. ప్రొఫెసర్‌కి చూపించాల్సిన స్లయిడ్లు తిరుగు విమానంలో చేసుకోవచ్చు.