బీజీపీ లేచిన మూడు నిమిషాలకే పడిపోతోందా?

లక్షణం: బీజీపీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) సెషన్ ఎస్టాబ్లిష్డ్ అంటుంది. కానీ అందిన ప్రిఫిక్స్‌ల (ఐపీ అడ్రస్ బ్లాకుల) కాలమ్‌లో 0 కదలదు. సరిగ్గా మూడు నిమిషాలకు "హోల్డ్ టైమ్ ఎక్స్‌పైర్డ్" అని లాగ్ పడుతుంది, సెషన్ పోతుంది, మళ్లీ లేస్తుంది. పింగ్ మాత్రం ఒక్కటీ మిస్ కాదు. లైన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగానే ఉందండీ" అంటారు. చాలామంది ఇక్కడే పాస్‌వర్డ్, ఏఎస్ నంబర్ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) మార్చి చూస్తారు. అవి తప్పైతే సెషన్ అసలు లేవనే లేవదు.

కారణం: దాదాపు ఎప్పుడూ ఎంటీయూనే (లింక్ మోయగల ప్యాకెట్ గరిష్ఠ సైజు). కీప్అలైవ్ ("బతికే ఉన్నా" అని చెప్పే సందేశం) సైజు 19 బైట్లు, ఎంత ఇరుకు దారిలోనైనా దూరిపోతుంది. అప్‌డేట్ (దారుల వివరాలు మోసే సందేశం) 4096 బైట్ల దాకా ఉండొచ్చు. వాటితో నిండిన పెద్ద ప్యాకెట్‌ని మధ్యలో ఏ లేయర్ 2 (ఈథర్నెట్ లాంటి) లింకో చప్పుడు చేయకుండా పారేస్తుంది. టీసీపీ వరస తప్పదు కాబట్టి, ఆ ప్యాకెట్ అందేదాకా వెనకొచ్చే కీప్అలైవ్‌లు కూడా లెక్కలోకి రావు. సిస్కోలో హోల్డ్ టైమ్ (అవతలి నుంచి సందేశం కోసం ఎదురుచూసే గడువు) డిఫాల్ట్ 180 సెకన్లు. అదే ఆ మూడు నిమిషాల లెక్క.

పరిష్కారం: మామూలు పింగ్ నమ్మొద్దు. సిస్కో రౌటర్‌లో "పింగ్ 203.0.113.1 సైజ్ 1500 డీఎఫ్-బిట్" కొట్టండి (ఆ అడ్రస్ బదులు అవతలి రౌటర్‌ది పెట్టండి; డీఎఫ్-బిట్ అంటే ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని). జవాబు రాకపోతే సైజు తగ్గిస్తూ రండి. 1476 దగ్గర జవాబొస్తే, హెడర్ల 40 తీసేసి "ఐపీ టీసీపీ ఎంఎస్ఎస్ 1436" పెట్టి సెషన్ క్లియర్ చేయండి. ఎంఎస్ఎస్ అంటే ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా. (లైనక్స్ పింగ్‌లో హెడర్లు కలవవు, అక్కడ 1500కి 1472 ఇవ్వాలి.) ఇంటర్‌ఫేస్ మీద పెట్టే అడ్జస్ట్-ఎంఎస్ఎస్ వేరు, అది రౌటర్ గుండా వెళ్లే ట్రాఫిక్‌కి. అసలు మందు మాత్రం సర్క్యూట్ ఎంటీయూ సరిచేయించడమే.

సెషన్ యాక్టివ్‌లో ఆగిపోతే: పేరు చూసి సంతోషపడకండి, ఇంకా తలుపు తడుతోందనే అర్థం. టీసీపీ 179 పోర్టు ఏ ఏసీఎల్‌లోనైనా (ట్రాఫిక్‌ని వడకట్టే నియమాల జాబితా) ఆగుతోందేమో చూడండి. లూప్‌బ్యాక్‌ల (రౌటర్ లోపలి ఊహా ఇంటర్‌ఫేస్‌ల) మధ్య ఈబీజీపీ (వేర్వేరు ఏఎస్‌ల మధ్య బీజీపీ) అయితే అప్‌డేట్-సోర్స్, ఈబీజీపీ-మల్టీహాప్ రెండూ కావాలి. ఈబీజీపీలో టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) డిఫాల్ట్‌గా 1 మరి.

సెషన్ ఉన్నా మీ ప్రిఫిక్స్ బయటికి వెళ్లకపోతే: నెట్‌వర్క్ కమాండ్‌లో రాసిన ప్రిఫిక్స్, మాస్క్‌తో సహా అచ్చంగా రూటింగ్ టేబుల్‌లో ఉండాలి. /24 అని రాసి, టేబుల్‌లో /25లు రెండుంటే కుదరదు. ఆ /24కి నల్ 0 (వచ్చిన ప్యాకెట్లని పారేసే ఊహా ఇంటర్‌ఫేస్) వైపు ఒక స్టాటిక్ రూట్ వేస్తే వెళ్లిపోతుంది.