పదో తరగతి లేకున్నా అప్రెంటిస్‌గా చేరడం: హైదరాబాద్ అభ్యర్థులకు దరఖాస్తు విధానం

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ఏ కంపెనీకి వెళ్లినా గేటు దగ్గరే పదో తరగతి మెమో అడుగుతారు. అప్రెంటిస్‌గా, అంటే కంపెనీలో పని నేర్చుకునే శిక్షణార్థిగా, అప్రెంటిస్ చట్టం కింద చేరేటప్పుడు అన్ని పనులకూ ఆ మెమో అవసరం లేదు. అయిదు నుంచి తొమ్మిది వరకు చదివినవారికి 2019 నిబంధనల్లోనే వేరుగా స్టైపెండ్ (శిక్షణ కాలంలో ఇచ్చే భత్యం) పెట్టారు: నెలకు కనీసం 5,000 రూపాయలు. రెండో ఏడు 10 శాతం, మూడో ఏడు 15 శాతం పెరుగుతుంది. గది అద్దె కట్టుకుని బతికేవారికి ఇది చాలదు, ఇంటి నుంచే పనికి వెళ్లగలిగేవారికే నప్పుతుంది.

వయసు 14 నిండాలి. ప్రమాదకరమైన పనులకైతే 18.

ముందు కాగితాలు

దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టీసీలో ఒక్క అక్షరంతో ఉంటుంది. పుట్టిన తేదీ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. ఏది మార్చాలో ముందే తేల్చుకోండి, ఎందుకంటే ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. టీసీ పోతే బడికెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ ఆధారంగా స్టడీ సర్టిఫికెట్ అడగండి. బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో విచారించాలి.

రెండోది బ్యాంకు ఖాతా. స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం వాటా. 2023 ఆగస్టు నుంచి అది నేరుగా అభ్యర్థి ఖాతాలో పడుతోంది. ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఆధార్ ద్వారా వచ్చే డబ్బు ఆ ఖాతాకే చేరేలా సీడింగ్ జరగాలి. ఒకసారికి ఒక్క ఖాతాకే అది ఉంటుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకు సీడింగ్ ఉంటే డబ్బు అందులో పడుతుంది. మైఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది.

దరఖాస్తు

అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో అభ్యర్థిగా నమోదవ్వాలి. ఆధార్‌కు లింకైన ఫోను దగ్గరుంచుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. పాత సిమ్ పోయి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. విద్యార్హత దగ్గర పాసైన తరగతే రాయండి. పది తప్పినవారి అర్హత తొమ్మిదే. పది అని నొక్కితే తర్వాత మెమో అడుగుతారు, అక్కడితో దరఖాస్తు పక్కకు పోతుంది.

ప్రొఫైల్ పూర్తయ్యాక జిల్లాల వారీగా ఖాళీలు వెతకండి. హైదరాబాద్ ఒక్కటే ఎంచుకుంటే జీడిమెట్ల, చర్లపల్లి కనిపించవు. అవి మేడ్చల్–మల్కాజిగిరి కిందికొస్తాయి. పటాన్‌చెరు సంగారెడ్డిలో ఉంది. ప్రతి ప్రకటనలో కనీస అర్హత చదివాకే అప్లై చేయండి, చాలావాటికి పదో ఐటీఐయో కావాలి. కంపెనీ పిలిచేదాకా కూర్చోకుండా నేరుగా వెళ్లి హెచ్ఆర్‌ను కలవడం మేలు. వాళ్లు చాలా దరఖాస్తులు తెరిచి చూడరు.

ఎంపికైతే పోర్టల్‌లోనే ఒప్పందం తయారవుతుంది. మైనరైతే సంరక్షకులు సంతకం పెట్టాలి. కాలం, స్టైపెండ్, పని పేరు చదివి ఒప్పుకోండి. ఒప్పందం లేకుండా "అప్రెంటిస్" అని పని చేయించుకుంటే చివర్లో సర్టిఫికెట్ రాదు. పోర్టల్‌లో అభ్యర్థి నమోదుకు రుసుము లేదు, సీటు ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంటును నమ్మొద్దు.

శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. పనిలో గాయమైతే మాత్రం పరిహారం యజమాని బాధ్యతే.

ఎనిమిది పాసైనవారు ఐటీఐ కూడా ఆలోచించవచ్చు. వెల్డర్ ఏడాది, వైర్‌మన్ రెండేళ్లు. మల్లేపల్లి, ముషీరాబాద్, సనత్‌నగర్‌లలో ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి, ఏ ట్రేడు ఎక్కడుందో ప్రవేశాల నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.