తెరమీద ఒక రంగు, కాగితం మీద ఇంకో రంగు: ప్రింటరును సరిచేసే వరస

ప్రింటులో రంగు తేడా రాగానే చాలామంది చెయ్యి నేరుగా డ్రైవర్‌లోని (ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేర్‌లోని) స్లైడర్ల మీదికి వెళ్తుంది. మొహం ఎర్రగా వచ్చిందని మెజెంటా (ముదురు గులాబీ ఇంకు) కాస్త తగ్గిస్తారు. తర్వాతి ఫోటో ఆకుపచ్చగా వస్తుంది. ఈసారి పసుపు తగ్గిస్తారు. నాలుగు గ్లాసీ (మెరిసే) కాగితాలు పోయాక ఏ స్లైడరు ఎందుకు జరిపారో వాళ్లకే గుర్తుండదు. అందుకని ముందు అన్నింటినీ సున్నాకు తెచ్చేయండి. తప్పు ఎక్కడ జరుగుతోందో తేలేదాకా వాటి జోలికి వెళ్లొద్దు.

ఇక్కడ చెప్పేదంతా ఇళ్లలో, చిన్న స్టూడియోల్లో వాడే ఇంక్‌జెట్, ఇంకు ట్యాంకు ప్రింటర్ల గురించి. పరీక్షకు ఎప్పుడూ ఒకే ఫోటో వాడండి. అందులో ఒక మొహం, ఒక తెల్లచొక్కా, కొంత బూడిద రంగు, ఒక ముదురు పట్టుచీర ఉంటే సరిపోతుంది. ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చి, ఏం మార్చారో కాగితం వెనక పెన్సిలుతో రాసుకోండి.

గీతలు పడుతున్నాయి, లేదా ఒక రంగు అసలు రావడం లేదు

ఇది సెట్టింగుల గొడవ కాదు, హెడ్డులో ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు, అంటే నాజిళ్లు, మూసుకుపోయాయి. సయాన్ (ఆకాశనీలం ఇంకు) ఆగిపోతే ఫోటో అంతా ఎర్రబడుతుంది. మెజెంటా ఆగిపోతే మొహాలు ఆకుపచ్చగా పాలిపోతాయి. పసుపు ఆగిపోతే అంతా గులాబీ, ఊదా వైపు జరుగుతుంది. డ్రైవర్‌లోని మెయింటెనెన్స్ పేజీకి వెళ్లి నాజిల్ చెక్ అనే పరీక్ష పేజీ తీయండి. మెట్లుమెట్లుగా వచ్చే సన్నగీతలు ఎక్కడా తెగి ఉండకూడదు. పసుపు గీతలు తెల్లకాగితం మీద కంటికి సరిగా ఆనవు. గదిలో దీపం ఆర్పి, ఫోను తెర నిండా నీలం రంగు పెట్టి ఆ వెలుగులో చూడండి, అవే గీతలు నల్లగా తేలి కనిపిస్తాయి.

గీతలు తెగి ఉంటే హెడ్ క్లీనింగ్ చేయండి, మళ్లీ నాజిల్ చెక్ తీయండి. రెండు మూడుసార్లకు కూడా లొంగకపోతే ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి. అదే పనిగా క్లీనింగ్ నొక్కుతూ పోతే ఇంకంతా వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ఆ ప్యాడ్ నిండితే ప్రింటరే మొరాయిస్తుంది.

నాజిల్ చెక్ బాగానే ఉంది, మొహాలు మాత్రం గులాబీగా, ఎర్రగా వస్తున్నాయి

స్టూడియోల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. దీనికి ఇంకును, కాగితాన్ని, చివరికి ప్రింటరు కంపెనీని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. అసలు కారణం రంగును ఇద్దరు మార్చడం.

ఫోటో ఫైలులో ఉండేవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు. ప్రింటరు దగ్గర ఉన్నవి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు. ఆ విలువలను ఈ కాగితానికి, ఈ ఇంకుకు తగ్గట్టు ఎవరో ఒకరు దిద్దాలి. ఆ పని ఫోటోషాప్ చేయగలదు, ప్రింటరు డ్రైవరూ చేయగలదు. ఇద్దరూ చేశారంటే ఒకసారి దిద్దిన రంగును మళ్లీ దిద్దినట్టు, చాలా ప్రింటర్లలో అది మెజెంటా వైపు ఒరుగుతుంది. ఇద్దరూ మానేశారంటే రంగు ఎటు పోతుందో చెప్పలేం.

ఫోటోషాప్ ప్రింట్ విండోలో కలర్ హ్యాండ్లింగ్ అని ఉంటుంది. అక్కడ ‘ఫోటోషాప్ మేనేజెస్ కలర్స్’ ఎంచుకుంటే, దాని కిందే మీ కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద ఇంకు రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) కూడా ఎంచుకోవాలి. తర్వాత డ్రైవర్‌లోకి వెళ్లి అక్కడి దిద్దుబాటు ఆపేయాలి. చాలా ఎప్సన్ డ్రైవర్లలో కలర్ కరెక్షన్‌ను కస్టమ్‌కు మార్చి, అడ్వాన్స్‌డ్‌లో ‘నో కలర్ అడ్జస్ట్‌మెంట్’ పెట్టాలి. క్యానన్‌లో మాన్యువల్ కలర్ అడ్జస్ట్‌మెంట్‌లోని మ్యాచింగ్ పేజీలో ‘నన్’ ఉంటుంది. హెచ్‌పీలో ‘అప్లికేషన్ మేనేజ్డ్ కలర్స్’ అనే పేరు వెతకండి. ప్రింటరు దిద్దుబాటు ఆపమని ఫోటోషాప్ ఆ విండోలోనే చిన్న అక్షరాల్లో గుర్తుచేస్తుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. విండోస్‌లో ఈ మార్పు మనమే చేయాలి. మ్యాక్‌లో చాలావరకు అదే ఆగిపోతుంది. సరైన సెట్టింగును ఒక పేరుతో దాచుకోండి, లేకపోతే డ్రైవర్ మళ్లీ పాత తీరుకే పోతుంది.

కాగితం ప్రొఫైల్ లేనివాళ్లు ఈ తంటా పడక్కర్లేదు. ‘ప్రింటర్ మేనేజెస్ కలర్స్’ పెట్టి, డ్రైవర్‌లో ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల ప్రమాణం) ఉంచితే నూటికి తొంభై పనులు గడిచిపోతాయి.

రంగులు వెలవెలబోతున్నాయి

ముందు ఫైలును అనుమానించండి. మామూలు తెరలకు సరిపోయేలా హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించినది ఎస్‌ఆర్‌జీబీ. అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో ప్రమాణానికి అంతకంటే పెద్ద రంగుల పరిధి ఉంది. కెమెరాను అడోబ్ ఆర్‌జీబీలో పెట్టి తీసిన ఫోటోను ప్రొఫైల్ పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌తో ప్రింటు తీస్తే కనకాంబరం రంగు కూడా మట్టి పట్టినట్టు వస్తుంది. కనిపెట్టడానికి ఒక సులువుంది: అలాంటి ఫైలు పేరు సాధారణంగా అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. కొత్త ఐఫోన్ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే మరో రంగుల ప్రమాణంలో ఉంటాయి, వాటికీ ఇదే జబ్బు రావచ్చు. మందు ఒక్కటే, ఫోటోషాప్‌లోని ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’తో ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలి. పక్కనే ఉండే ‘అసైన్ ప్రొఫైల్’ నొక్కితే విలువలు అలాగే ఉండి, రంగు కనిపించే తీరు మాత్రమే మారిపోతుంది. రెండూ ఒకటేననుకుంటే రోగం ముదురుతుంది.

ఫైలు సరిగానే ఉంటే కాగితం రకం చూడండి. ఎంత ఇంకు చల్లాలో డ్రైవర్ నిర్ణయించేది దాన్ని బట్టే. ట్రేలో గ్లాసీ పెట్టి డ్రైవర్‌లో ప్లెయిన్ పేపర్ వదిలేస్తే ప్రొఫైల్ ఎంత మంచిదైనా దండగే. కొన్ని ట్యాంకు ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు (రంగు రేణువులు ఉండేది), మిగతా మూడూ డై ఇంకులు (రంగు కరిగి ఉండేవి). గ్లాసీ మీద ఆ పిగ్మెంట్ నలుపు పడితే ఆరదు, వేలికి అంటుకుంటుంది. కాగితం తిరగేసి పెట్టినా ఇంతే. తడి వేలితో మూల తాకి చూడండి, కాస్త జిగురుగా అనిపించేదే ప్రింటు వైపు.

తెరమీద వెలుగు, కాగితం మీద చీకటి

తప్పు తెరది. దుకాణాల్లో మానిటర్ వెలుగు నిండుగా పెట్టేస్తారు. కాగితానికి సొంత వెలుగు లేదు, మీద పడిన కాంతినే అది తిప్పి పంపుతుంది. ప్రింటు పనికి చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు చాలంటారు. కొలిచే పరికరం లేకపోతే తెరమీద ఖాళీ తెల్లపేజీ తెరిచి, పక్కనే తెల్లకాగితం పట్టుకుని, రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేదాకా వెలుగు తగ్గించండి. ఆ తర్వాత ఫోటో దిద్దండి.

చిలకపచ్చ చచ్చిపోయింది, నెమలికంఠం నీలం వంగపండు అయింది

ఇందులో కొంత మన చేతిలో ఉంది, కొంత లేదు. మెరిసే చిలకపచ్చ, నిండు నీలం తెర చూపించగలదు, నాలుగు ఇంకులు చూపించలేవు. ఫోటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో మీ కాగితం ప్రొఫైల్ పెట్టి కంట్రోల్, వై నొక్కితే కాగితం మీద ఎలా వస్తుందో అంచనా ముందే తెరమీద కనిపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, వై నొక్కితే ఇంకుకు అందని రంగులన్నీ బూడిదగా మారతాయి. అందని రంగులను ఎలా సర్దాలో చెప్పే రెండరింగ్ ఇంటెంట్‌లో మామూలు ఫోటోలకు రెలెటివ్ కలరిమెట్రిక్, దానితోపాటు ముదురు భాగాలను సర్దే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ పెట్టండి. పట్టుచీర జరీ, మడతలు ఒకే ముద్దగా అతుక్కుపోతుంటే పెర్సెప్చువల్‌కు మార్చి చూడండి. నీలం ఊదాకు తిరగడానికి సాధారణంగా మెజెంటా ఎక్కువ కావడమే కారణం. పెళ్లికార్డు డిజైన్‌లో సయాన్ 100, మెజెంటా 100 వేసి నీలం కావాలంటే రాదు. మెజెంటాను 70 దగ్గరికి దించండి. అచ్చం ఆ చీర రంగే కావాలని పట్టుబట్టే కస్టమర్ ఉంటే, ఆర్డర్ తీసుకునేటప్పుడే చిన్న నమూనా ప్రింటు చూపించి ఒప్పించుకోవడం మేలు.

నిన్న బాగానే వచ్చింది, ఇవాళ రంగు మారింది

ఇంకు బ్రాండు మార్చారా? ప్రొఫైల్ అనేది ఒక ప్రింటరు, ఒక ఇంకు, ఒక కాగితం కలిసిన జతకే పనికొస్తుంది. కంపెనీ ప్రొఫైల్ కంపెనీ కాగితానికి తయారైనది. బజారులో దొరికే పేరులేని గ్లాసీకి, చవక ఇంకుకు అది దగ్గరగా ఉంటే అదృష్టం. రోజూ ఆల్బమ్‌లు తీసేవాళ్లు రంగుల గళ్ల పేజీ ప్రింటు తీసి, స్పెక్ట్రోఫోటోమీటరు అనే రంగు కొలిచే పరికరంతో కొలిపించి సొంత ప్రొఫైల్ చేయించుకుంటే ఆ ఖర్చు కాగితంలోనే తిరిగొస్తుంది. డై ఇంకు ఆరేకొద్దీ రంగు కొంచెం మారుతుంది కాబట్టి, ట్రేలోంచి తీసిన తడి ప్రింటు చూసి తీర్పు చెప్పొద్దు.

ఒకే ప్రింటు షాపులో ఒకలా, ఇంట్లో ఒకలా కనిపిస్తోంది

దీపాల తేడా. పసుపు వెలుగు బల్బు కింద, చవక ఎల్‌ఈడీ కింద ఒకే ఇంకు వేరుగా కనిపిస్తుంది. నలుపు తెలుపు ఫోటోల్లో ఇది మరీ బయటపడుతుంది, ఎందుకంటే రంగు ఇంకులు మూడూ కలిసి బూడిదను తయారుచేస్తాయి, దీపం మారగానే ఆ తూకం తప్పుతుంది. డ్రైవర్‌లో గ్రేస్కేల్ పెట్టి చూడండి. అప్పటికీ ఆకుపచ్చ ఛాయ వదలకపోతే, ఆ కాగితం వదిలేసి మెరుపులేని మ్యాట్ కాగితం మీద ప్రయత్నించండి. అచ్చు పనికి ప్రమాణంగా తీసుకునేది 5000 కెల్విన్ (కాంతి రంగును చెప్పే కొలత) కాంతి. అది లేనివాళ్లు పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర చూస్తే చాలు.