లినక్స్ ఫోన్‌లో కెమెరా సరిగ్గా పనిచేయాలంటే

ముందు టెర్మినల్‌లో లిబ్‌కెమెరాతో (లినక్స్‌లో కెమెరాలను నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చే 'క్యామ్' కమాండుతో కెమెరాల జాబితా చూడండి. మీ కెమెరా అందులో లేకపోతే యాప్‌లు మార్చి లాభం లేదు. లోపం చాలావరకు కెర్నల్ (లినక్స్ మూలభాగం) డ్రైవర్‌లోనో, ఫోన్‌లోని భాగాలను కెర్నల్‌కు వివరించే డివైస్ ట్రీలోనో ఉంటుంది, కెర్నల్ లాగ్ చదవాలి. పైన్‌ఫోన్ అనే లినక్స్ ఫోన్‌లో ముందు, వెనక కెమెరాలు ఒకే దారి పంచుకుంటాయి కాబట్టి రెండూ ఒకేసారి నడవవు.

ఫొటో ఆకుపచ్చగా వస్తోందా? సెన్సరులో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవే. వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) కుదరకపోతే ఆ రంగే పైకొస్తుంది. ఆ సెన్సరుకు ట్యూనింగ్ ఫైలు (రంగులు సరిచేసే సెట్టింగుల ఫైలు) వచ్చేదాకా మెగాపిక్సెల్స్ అనే కెమెరా యాప్‌లో డీఎన్‌జీగా (సెన్సరు ఇచ్చిన ముడి రూపంలో) తీసి, డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటర్‌లో దిద్దుకోవడమే మేలు.

బెంగళూరు మారతహళ్లి పీజీ గదిలో పాత ట్యూబులైటు కింద ఫొటోలో చారలు పడితే ఎక్స్‌పోజర్ (సెన్సరు వెలుగు తీసుకునే సమయం) 10 లేదా 20 మిల్లీసెకన్లు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే వెలుగు సెకనుకు 100 సార్లు, ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి మినుకుతుంది; ఎక్స్‌పోజర్‌లో పూర్తి మినుకులే పడితే చారలు రావు. వెలుతురు చాలకపోతే గెయిన్ (సెన్సరు సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) పెంచండి, ఎక్స్‌పోజర్‌ను 15కి మాత్రం మార్చకండి.