ఇంటి కరెంటు పని, 5వ పాఠం: బోర్డులో ఎర్త్ ఉందా, రంధ్రమే ఉందా?

పోయిన పాఠంలో మెయిన్ ఆపి, ఒక బోర్డు విప్పి, ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ఏది, న్యూట్రల్ (అది తిరిగి వెళ్ళే వైరు) ఏది, స్విచ్ నుంచి లైటుకు వెళ్ళే వైరు ఏది అని గుర్తుపట్టారు. ఈసారి మూడో వైరు సంగతి: ఇనప బాడీ మీదికి జారిన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్. ఎర్త్ లేకపోయినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఫోను చార్జింగ్ ఎక్కుతుంది. అందుకే అది లేదన్న సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టదు. తడి చేత్తో గ్రైండర్ ముట్టుకుని చెయ్యి జిమ్మన్న రోజునే తెలుస్తుంది.

ప్లాస్టిక్ స్విచ్‌కు ఎర్త్ అక్కర్లేదు, దాని వెనక ఎర్త్ బిగించే చోటు కూడా ఉండదు. కానీ అదే బోర్డు మీదున్న 6 ఆంపియర్ల మూడు రంధ్రాల సాకెట్‌కు కావాలి. గోడలో పూడ్చిన ఇనప పెట్టెకూ కావాలి. పాతకాలపు ఇనప పట్టీ ట్యూబులైటుకూ, సీలింగ్ ఫ్యాను బాడీకీ కావాలి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లి, బోర్డు దగ్గర చెయ్యి పెడితే జిమ్మంటోందంటే ముందు అనుమానించాల్సింది ఆ ఇనప పెట్టెనే. వైరు తోలు ఎక్కడో ఒలిచిపోయి పెట్టెకు తగిలి ఉంటుంది.

మల్టీమీటర్ (వోల్టులు కొలిచే చేతి మీటరు) చేతిలోకి తీసుకునేముందు కళ్ళతో చూడండి. మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుని అదే బోర్డులోకి 230 వోల్టులు పంపుతుంది, చాలామంది మరిచిపోయేది ఇక్కడే. టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందని చూసుకుని, ఆ తర్వాతే బోర్డులో పెట్టి కరెంటు లేదని నమ్మండి.

బోర్డు విప్పాక సాకెట్ వెనక పై టెర్మినల్ చూడండి. పచ్చ వైరు గట్టిగా బిగించి ఉంటే సంతోషం. చాలా పాత ఇళ్ళలో ఆ టెర్మినల్ ఖాళీగా ఉంటుంది. కొన్నిచోట్ల పచ్చ వైరు పైపులోంచి వచ్చి ఉంటుంది కానీ చుట్ట చుట్టి మూల పడేసి ఉంటుంది. ఇంకొన్ని చోట్ల ఎర్ర వైరు అయిపోయిందని పచ్చదాన్నే ఫ్యానుకో లైటుకో స్విచ్ వైరుగా లాగేసి ఉంటారు. కాబట్టి పచ్చగా ఉన్నదల్లా ఎర్త్ అనుకోకండి, అది ఎక్కడికి వెళ్తోందో చూడండి. పాత పనిలో పూర్తి పచ్చ, కొత్త వైర్లలో పచ్చ మీద పసుపు గీత కనిపిస్తాయి.

ఇక మల్టీమీటర్. ఏసీ వోల్టుల మీద 600 లేదా 750 దగ్గర పెట్టండి. ఎర్ర ప్రోబ్ (కొలిచే మొన ఉన్న వైరు) మీటరు మీది 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోతే సాకెట్‌లో పెట్టగానే షార్ట్ అవుతుంది, ముందు అది చూసుకోండి. బోర్డు మూసి మెయిన్ వెయ్యండి. సాకెట్ మీకెదురుగా ఉంటే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. రంధ్రాల లోపల షట్టర్ (మూత) ఉండి ప్రోబ్ దిగకపోతే పుల్లలు పెట్టి తెరవకండి. ఎర్త్ బాగుందని ముందే చూసుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, దాని మీద చూడండి.

ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 అటూ ఇటూ రావాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ దాదాపు అంతే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మామూలుగా ఐదు వోల్టుల లోపు. ఫేజ్–ఎర్త్ మధ్య 60, 90, 110 అంటూ అంకె నిలకడగా లేకపోతే ఎర్త్ వైరు ఎక్కడో తెగి గాలిలో వేలాడుతోంది. కుడి–ఎర్త్ సున్నా, ఎడమ–ఎర్త్ 230 వస్తే రెండు అర్థాలున్నాయి: ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉండాలి, లేదా ఎర్త్ వైరులోనే ఫేజ్ ఉండాలి. ఇక్కడ టెస్టర్ పనికొస్తుంది. ఎడమ రంధ్రంలో వెలిగితే మొదటిది. ఎర్త్ రంధ్రంలో వెలిగితే రెండోది. అప్పుడు వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

న్యూట్రల్–ఎర్త్ మధ్య ఎంత లోడు వేసినా కచ్చితంగా 0.0 చూపిస్తుంటే మురిసిపోకండి. ఎర్త్ వైరు లాగని ఇంట్లో షాక్ కొడుతోందని గొడవ పెడితే, కొందరు సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కు చిన్న వైరు ముక్క వేసి చేతులు దులుపుకుంటారు. మీటరు దాన్ని మంచి ఎర్త్ అనే చెబుతుంది. రేపు న్యూట్రల్ మెయిన్ దగ్గరో స్తంభం మీదో ఊడిందంటే, వేసి ఉన్న లైటులోంచి తిరిగొచ్చిన 230 వోల్టులు ఆ ముక్క గుండా ఫ్రిజ్ తలుపు మీదికి వస్తాయి. నా దృష్టిలో అసలు ఎర్త్ లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కోసే మెయిన్ మీ ఇంట్లో ఉంటే, అది ఆపి, ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, న్యూట్రల్–ఎర్త్ మధ్య మీటరును బీప్ మోడ్‌లో (రెండు వైర్లు కలిసి ఉంటే కూసే సెట్టింగు) పెట్టి చూడండి. బీప్ వచ్చిందంటే ఎక్కడో కలిసి ఉన్నాయి. మెయిన్ ఒక్క ఫేజ్‌నే కోసేదైతే ఈ పరీక్ష నమ్మకండి, సాకెట్ వెనక కళ్ళతోనే చూడాలి.

మీటరు లాగే కరెంటు అతి తక్కువ కాబట్టి, ఎంత నీరసం ఎర్త్ అయినా 230 చూపించగలదు. దాని బలం తెలియాలంటే టెస్ట్ ల్యాంప్ కావాలి: 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, హోల్డరు, మూడు పిన్నుల ప్లగ్గు. ప్లగ్గులో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మాత్రమే వైరు బిగించండి. ఎల్ఈడీ బల్బు వద్దు, కొద్ది కరెంటుకే వెలిగి మోసం చేస్తుంది. పెట్టేముందు ఇంట్లో ప్లగ్గులన్నీ తీసెయ్యండి, ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకండి. ఎర్త్ తెగి ఉంటే బల్బు గుండా వచ్చిన ఫేజ్, ఆ పచ్చ వైరుకు కలిసిన ప్రతి ఇనప బాడీ మీదికీ ఎక్కుతుంది. బల్బు వెలగలేదా, వెంటనే పీకెయ్యండి.

వెలిగితే, అదే లైనులోని ఇంకో సాకెట్‌లో న్యూట్రల్–ఎర్త్ వోల్టులు చూడండి. 60 వాట్ల బల్బు లాగేది 0.26 ఆంపియర్లు. బల్బు లేనప్పుడు 1 వోల్టు, వెలిగాక 14 వోల్టులు వచ్చాయనుకోండి. పెరిగిన 13ను 0.26తో భాగిస్తే 50 ఓమ్‌లు. కంటికి బల్బు పూర్తిగానే వెలుగుతున్నట్టుంటుంది, కానీ ఈ ఎర్త్ మీద ఫేజ్ తగిలినా పారేది 5 ఆంపియర్ల లోపే. 6 ఆంపియర్ల ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే తానే పడిపోయే స్విచ్) పడదు. అందుకే మన ఇళ్ళలో ఎర్త్‌తో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కొద్ది కరెంటు ఎర్త్‌లోకి జారినా లైను కోసేసే స్విచ్) కూడా కావాలంటాను. అది ఉన్న ఇంట్లో టెస్ట్ ల్యాంప్ పెట్టగానే టప్పున పడిపోతుంది. ఎర్త్‌లోకి కరెంటు వెళ్ళిందనడానికి అదే రుజువు. బల్బు వెలగాలని ఆర్సీసీబీని తప్పించి వైరు కలపకండి.

ఈ వారం పని: ఇంట్లో ప్రతి సాకెట్‌కూ ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ వోల్టులు, మూడు అంకెలూ కాగితం మీద రాయండి. బల్బు పరీక్ష మాత్రం మీటరు పనిలో చెయ్యి తిరిగినవాళ్ళే, పక్కన ఇంకొకరిని పెట్టుకుని చెయ్యండి. కొత్త ఎర్త్ వైరు లాగే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చి, ఆ కాగితం చేతిలో పెట్టండి. అన్ని సాకెట్లలోనూ ఎర్త్ ఒకేలా నీరసంగా ఉంటే లోపం బోర్డుల్లో ఉండకపోవచ్చు, పెరట్లో ఎర్త్ గుంతలో ఉండొచ్చు. 6వ పాఠం దాని మీదే.