ఒంటరిగా అరకు ఘాట్ ఎక్కుతున్నారా? బండి తీసే ముందు ఇవి చూసుకోండి

డిసెంబరు వచ్చిందంటే వైజాగ్‌లో సగం మంది చూపు అరకు మీదే. సుమారు 115 కిలోమీటర్లు. పక్కన తోడు లేకుండా వెళ్లేవాళ్లకు ఈ నాలుగు మాటలు.

• దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు, ఇంజన్ ఆపడం అసలే వద్దు. పెట్రోలు కలిసొస్తుందని చాలామంది చేసే పనే ఇది. అనంతగిరి ఘాట్‌లో మలుపు మలుపుకీ బ్రేకే నొక్కుతూ వస్తే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. కారులో ఇంజన్ ఆపితే బ్రేక్ పెడల్ బిగుసుకుపోతుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది.

• పొగమంచులో హై బీమ్ వేయొద్దు. వెలుగు మంచుకి కొట్టి మన కళ్లలోకే తిరిగొస్తుంది.

• శృంగవరపుకోటలోనే ట్యాంకు నింపేయండి. పైన బంకులు దగ్గర దగ్గరగా ఉండవు.

• మ్యాపు ముందే ఫోన్‌లో దించుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లో చెప్పండి. అమ్మ కంగారుపడుతుందని దాచేవాళ్లున్నారు. పడనివ్వండి, మనం కనబడకపోతే ముందు వెతికేది ఆవిడే.

• ఎదురుగా ఎక్కే బండికి దారివ్వండి. ఎత్తులో ఆగిన లారీ మళ్లీ కదలడం కష్టం.

• చీకటి పడకముందే ఘాట్ దిగేయండి. బొర్రా గుహల దగ్గర అరగంట అనుకున్నది రెండు గంటలవుతుంది. ఆలస్యమైతే అరకులోనే గది తీసుకోండి. కునుకు పడితే తట్టి లేపడానికి పక్క సీట్లో ఎవరూ ఉండరు.