ఊళ్లో పాత చర్చి ఎప్పటిదో తేల్చడం ఎలా?

ముందు ప్రవేశద్వారం దగ్గర గోడలో రాయి వెతకండి. అది శంకుస్థాపనదా, ప్రతిష్ఠదా అన్నది రాసుకోండి; రెండింటికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. మెదక్ కెథడ్రల్ పని 1914లో మొదలైతే, ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. సున్నం పొరల కింద అక్షరాలు పూడిపోతే ఇనుప బ్రష్ జోలికి పోవద్దు, రాయి గీసుకుపోతుంది. చీకటిపడ్డాక టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే నీడల్లో అక్షరాలు తేలతాయి.

రాయి మీద సి.ఎస్.ఐ. (1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అని ఉంటే ఆ రాయి 1947 కన్నా ముందుది కాదు. గోడలు మాత్రం పాతవే కావచ్చు! బయటి పూత తర్వాతి సిమెంటుదై ఉండొచ్చు కాబట్టి, గంట గోపురం లోపల పూతలేని చోట సందుల్ని మేకుతో మెల్లగా గీకండి. తెల్లగా పొడి రాలితే సున్నమే, అంటే గోడ పాతదై ఉండొచ్చు.

బాప్తిస్మపు రిజిస్టరులోని మొదటి తేదీని కట్టడానికి అంటగట్టకండి, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. చాలాచోట్ల సంఘం ముందు పాకలోనో చెట్టుకిందో మొదలైంది.